గింజల చాక్లెట్టూ కాటాయన తూకమూ

ధాన్యం గిడ్డంగిలో కాటా దగ్గర నిలబడే మనిషికి సొంత పేరంటూ ఒకటి ఉండకపోదు. కానీ అది ఎవరికి కావాలి? హమాలీలు కాటాయన అన్నారు, గుమాస్తా కాటాయన అన్నాడు, జీతమిచ్చే యజమానీ అదే అన్నాడు. చివరికి కట్టుకున్న భార్య కూడా గుమ్మంలోకి ఎవరైనా వస్తే "కాటాయన ఇంట్లో లేరండీ" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆయన అందుకు చిన్నబుచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త పొంగిపోయాడు కూడా.

పొంగడానికి కారణం లేకపోలేదు. ఆ గిడ్డంగిలో తూకాలు రాసుకునే గుమాస్తాకు దుమ్ము పడదు. అందుకని ఆవరణకు అవతలి కొసన అద్దాల గదిలో కూర్చుంటాడు. బస్తా ఇనప పలక మీద పడగానే ముల్లు ఊగి ఊగి నిలబడేదాకా ఆగి, కాటాయన ఆ బరువును గొంతెత్తి పిలవాలి. పిలవడమంటే మామూలుగా కాదు, చివరి అంకెను సాగదీసి ఆవరణంతా మోగేలా పిలిచేవాడు. గోనె తరుగు ఎంతో అది మనసులోనే తీసేసి, ఉత్త ధాన్యం బరువే బయటికి చెప్పేవాడు. ఆ తీసివేతకు రెప్పపాటు కూడా పట్టేది కాదు. తప్పు పిలిచాడన్న మాట ఆ గోడల మధ్య ఎన్నడూ వినబడలేదు. ఇలాంటి మనిషి ముల్లును నమ్మకపోతే ఇంక దేన్ని నమ్ముతాడు?

మొగుడూ పెళ్లాలిద్దరూ గిడ్డంగి వెనకాల రెండు గదుల్లో ఉండేవారు. పిల్లల్లేరు. ఆవిడ చిరిగిన గోనెలకు మాసికలు వేసేది. చేతిలో జానెడు సూది, నోట్లో ఆగని మాట. హమాలీలను ఒక్కొక్కరినీ పేరుపెట్టి ఆటపట్టించేది. "మీ ఆయన గొంతుకి మీకు చెవుడు రాలేదా వదినా?" అని వాళ్లంటే, "వచ్చే ఉంటుంది, అందుకేగా ఇన్నేళ్లు కాపురం చేశాను" అనేది. ఆవిడ ఉన్నచోట నిశ్శబ్దానికి చోటుండేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు కంచం ముందునుంచి లేచిపోయింది. ఆ మర్నాడూ అంతే. తిండి వాసనే గిట్టడం లేదంది. కళ్లు పచ్చబడ్డాయి, ముఖం పీక్కుపోయింది, గోనె మీద కూర్చుంటే గోనెకే ఆవిడ కంటే ఎక్కువ కండ ఉన్నట్టుండేది. ఆసుపత్రిలో రక్తం తీశారు, కడుపు మీద జిగురు రాసి యంత్రం పెట్టి చూశారు. కాలేయం గట్టిపడిపోయిందన్నారు. ఏనాడూ మందు వాసన ఎరగని మనిషికి ఇదేం రోగమని కాటాయన అడిగాడు. కొందరికి అలా వస్తుందన్నాడు డాక్టరు. కొందరికి అలా వస్తుందట! దానికి ఎవరితో పోట్లాడాలి?

మందులు రాసిచ్చి, ఎవరు ఏం తినాలో చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు. ఆసుపత్రిలో అందరూ ఆ అమ్మాయిని డైటు మేడమ్ అంటారు. ముప్పై కూడా నిండి ఉండవు, మనిషి నెమ్మది. "బాబాయ్ గారూ, ఉప్పు బాగా తగ్గించండి. ప్రోటీన్ ఉండేవి పెట్టండి, గుడ్డు, పాలు, చేప, ఏది తినగలిగితే అది. మనిషి బరువు మాత్రం తగ్గకుండా చూసుకోండి" అని చెప్పింది.

చెప్పినవన్నీ విన్నాడు కాటాయన. కానీ ఇంటికి మోసుకొచ్చింది మాత్రం ఆ చివరి మాటొక్కటే. బరువు తగ్గకూడదు! అది ఆయన పని, ఆయన విద్య. ఇంత పెద్ద ఆసుపత్రి తిరిగి తిరిగి తన కాటా దగ్గరికే వచ్చిందనిపించింది. పాపం, అక్కడే దెబ్బ తిన్నాడు.

తినిపించడం మొదలుపెడితే తెలిసింది అసలు కష్టం. గుడ్డు ఉడికిన వాసన వస్తే ఆవిడ పక్కగదిలోనుంచే వాంతి చేసుకునేది. పాలు ముక్కు మూసుకుని తాగి, గ్లాసు దించేలోపే కక్కేసేది. చేప సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన గరిట పట్టుకుని గదిలోకి వస్తుంటే ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. బతిమాలాడు, కోప్పడ్డాడు, గిన్నె నేలకేసి కొట్టి మళ్లీ తనే తుడుచుకున్నాడు. తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడకేమో ఆయన్ను చూస్తే జాలి, తిండిని చూస్తే వణుకు.

ఇలా ఉండగా ఒక హమాలీ, తన కూతురు పరీక్ష పాసైందని, ఆవరణలో అందరికీ చాక్లెట్లు పంచాడు. పాల చాక్లెట్టు, లోపల ఉబ్బిన బియ్యపు గింజలు. కాటాయన తన వంతు జేబులో వేసుకుని మరిచిపోయి, సాయంత్రం చొక్కా విప్పుతూ మంచం మీద పడేశాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి కరకరమని చప్పుడు. ఆవిడ తింటోంది!

"బావుంది" అంది. "వాసన లేదు. పంటికింద కరకరమంటుంటే ఏదో తిన్నట్టుంది."

ఆయన నోరు వెళ్లబెట్టి చూశాడు. తర్వాత, ఏడుపొస్తుందేమోనని భయమేసి, రేపరు ఏరుకుని దీపం కిందికి పోయాడు.

కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. రేపరు వెనకాల చీమతలకాయలంత అక్షరాల్లో ఒక పట్టిక ఉంది. వంద గ్రాములకు ఐదొందల పైచిలుకు క్యాలరీలట. కొవ్వు, పిండిపదార్థం, చక్కెర, ప్రోటీన్, సోడియం, ఎదురుగా అంకెలు. ముందువైపు గిన్నెడు గింజలు చాక్లెట్టులోకి దూకుతున్న బొమ్మ. ఐదొందలన్న అంకె చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గుడ్డుకు డెబ్భై, ఎనభై మించి లేవని ఆసుపత్రి గోడమీద బొమ్మలో చూశాడు. ప్రోటీన్ దగ్గర ఆరు అని ఉంది. ఉంది కదా, చాలు! పైగా లోపల ఉన్నది గింజలు. జీవితమంతా గింజలు తూచిన మనిషికి గింజ తింటే మనిషి నిలబడతాడన్న నమ్మకం ఒకరు నేర్పాలా?

మర్నాడు పొద్దున్నే ఎదురువీధి దుకాణానికి వెళ్లి, చాక్లెట్టు ఒకటి తీసుకుని చిన్నకాటా మీద పెట్టమన్నాడు. దుకాణదారు కళ్లజోడు మీదుగా చూశాడు.

"ఏం కాటాయనా, కంపెనీవాళ్లు తూకంలో మోసం చేశారా?"

"పెట్టవయ్యా ముందు. రేపరు తీసి పెట్టు."

"రేపరు తీస్తే నువ్వు కొన్నట్టే."

"కొంటానులే. ఇదొక్కటే కాదు, పెట్టె మొత్తం కొంటాను."

తరుగు తీసేశాక నలభై గ్రాములు తూగింది. ఆయన అక్కడే నిలబడి వేళ్లమీద లెక్క కట్టాడు. రోజుకు నాలుగు తింటే ఇన్ని క్యాలరీలు, ఐదు తింటే ఇన్ని. దుకాణదారు ఆ వేళ్లవంక చూసి, ఎవరికోసమో అర్థమై, వేళాకోళం ఆపేశాడు. ఆ తర్వాత ఆ రకం చాక్లెట్లు ఎవరడిగినా అయిపోయాయని చెప్పి, కాటాయన కోసం బల్ల కింద దాచేవాడు.

ఆవిడ తినేది. కిటికీ దగ్గర కూర్చుని, చాక్లెట్టు విరిచి, ముక్క తర్వాత ముక్క. ప్రతి సెలవురోజు సాయంత్రం ఆవరణ ఖాళీ అయ్యాక ఆయన చేయిపట్టి ఆవిడను పలక మీద నిలబెట్టేవాడు. మొదటిసారి ముల్లు ఆసుపత్రిలో చూసిన బరువు దగ్గరే ఆగింది. రెండోసారి కిలో పెరిగింది. ఆయన గొంతెత్తి పిలిచాడు. ఎవరూ లేరనుకుంటే, గోడపక్కన పేకాడుతున్న హమాలీలు చప్పట్లు కొట్టారు. ఆపై వారం ఇంకా పెరిగింది. ఆ తర్వాత ఆగలేదు. కాటాయన ముఖం చేటంత అయింది.

"వదినా, ఇలాగే తిన్నారంటే మిమ్మల్ని మొయ్యడానికి ఇద్దరం కావాలి" అన్నాడు ఒకడు.

"మీరిద్దరూ చాలరులే, లారీ పిలవండి" అంది ఆవిడ. నవ్వింది కానీ పలక దిగేటప్పుడు ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. ఆయాసం వస్తోంది. బరువు పెరిగిన మనిషికి ఆయాసం రాదా అనుకున్నాడు కాటాయన. చెప్పులు పట్టడం లేదంటే, ఒక సైజు పెద్దవి కొనుక్కొచ్చి, ఆ సంగతి గుమాస్తాకు కూడా చెప్పి మురిసిపోయాడు. పొట్ట ముందుకొస్తోందంటే, "రానీ, ఇన్నాళ్లూ లేకనే కదా బాధ" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే విడ్డూరమని ఆయనకు తట్టలేదు. ముల్లు మాట్లాడుతుంటే మనిషి మాట ఎందుకనుకున్నాడో ఏమో!

అప్పుడు ఆవిడ చెల్లెలు వచ్చింది. బట్టల లాండ్రీలో ఇస్త్రీ పని చేసే మనిషి, రెండురోజులు సెలవు పెట్టుకుని అక్కను చూడ్డానికొచ్చింది. వచ్చీరాగానే కాటాయన మరదలికి తూకాలన్నీ ఏకరువు పెట్టాడు. మరదలు వింటూనే అక్క కాళ్లు ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తోంది. ఉన్నట్టుండి చేయి ఆపింది. బొటనవేలితో పాదం మీద గట్టిగా నొక్కి, వేలు తీసింది. అక్కడ గుంట పడింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది.

"బావా, ఇటొచ్చి చూడండి."

"ఏముంది చూడ్డానికి?"

"ఇది కండ కాదు బావా. నీరు."

కాటాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నీ కంటికి ఏదీ మంచిగా కనబడదు. నీరేంటి నీరు? ముల్లు చూపిస్తోంది, నేను చూస్తున్నాను. నువ్వు ఇవాళొచ్చావు, నేను రోజూ చూస్తున్నాను!"

"సరే, నాదే తప్పు. ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాళ్లే చెప్తారు."

ఆయన కూర్చుని ఆ గుంటవంక చూస్తూ ఉన్నాడు. అది పూడుకుంటుందని చాలాసేపు చూశాడు. చివరికి పూడుకుంది గానీ, అది పూడిన నెమ్మది చూశాక ఆయన మరదలితో వాదించడం మానేశాడు. గోనె తరుగు తీయకుండా ఒక్క బస్తా పిలవని మనిషి, పెళ్లాన్ని మాత్రం తరుగు తీయకుండానే ఇన్నాళ్లూ పిలిచాడు.

ఆసుపత్రిలో ఆవిడను మంచం మీద పడుకోబెట్టి, కడుపులో సూది గుచ్చి నీరు తీయడానికి ఏర్పాట్లు చేశారు. ఆయన డైటు మేడమ్ గదికి వెళ్లి, జేబులోంచి రేపరు తీసి ఆ అమ్మాయి బల్లమీద చదునుగా పరిచాడు.

"ఇదే పెట్టానమ్మా. చూడు, అన్నీ ఉన్నాయి. ఐదొందలు క్యాలరీలు. గింజలు కూడా ఉన్నాయి."

ఆ అమ్మాయి రేపరును పూర్తిగా చదివింది. నవ్వలేదు.

"ఇందులో సగానికి పైగా చక్కెర, బాబాయ్ గారూ. తర్వాత కొవ్వు. క్యాలరీలు వాటివే. గింజలని వేసింది ఉబ్బిన బియ్యం, లోపలంతా గాలి. దాంట్లో పెద్దగా ఏమీ ఉండదు. ప్రోటీన్ చూడండి, వంద గ్రాములు తింటే ఆరు. ఆవిడకు రోజూ దానికి పదింతలు కావాలి."

"మరి బరువు?"

"రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ తగ్గిపోతే నీరు రక్తంలో నిలవదు, ఒంట్లోకి, కడుపులోకి చేరిపోతుంది. కాలేయం గట్టిపడ్డా అంతే. మీరు చూసిన బరువు అదే."

"అయితే నీరు తీసేస్తే ఎంత?"

ఆ అమ్మాయి బల్లమీది కాగితాలు సర్దింది. ఆయన మళ్లీ అడిగాడు. తూకం అడిగితే దాటవేయడం ఆయనకు తెలియదు, ఎదుటివాళ్లు దాటవేస్తే అర్థమూ కాదు.

"మొదట మీరు తీసుకొచ్చినప్పటికంటే చాలా తక్కువ ఉంటారు" అంది చివరికి. "కండంతా కరిగిపోయింది."

కాటాయన రేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు. "దీంట్లో సోడియం అనుంది. అంటే ఉప్పేనటగా? నేను ఇంట్లో ఉప్పుడబ్బా దాచేశానమ్మా. ఇదే చేసిందా ఇంత పని? నేనే పెట్టానా ఈ నీరు?"

"లేదు బాబాయ్ గారూ. ఇందులో ఉప్పు కొంచెమే. చాక్లెట్టు తప్పు కాదు, మీ తప్పు కూడా కాదు. బరువు చూసుకోమని చెప్పింది నేనే, వాపు సంగతి అప్పుడే చెప్పాల్సింది. చెప్పినా, గుడ్లే తిని ఉన్నా, మహా అయితే కొంచెం నెమ్మదిగా వచ్చేదేమో. ప్రోటీన్ తయారుచేయాల్సింది కాలేయం. అదే చేతులెత్తేసింది."

ఆ మాట విని ఆయనకు ఊరట కలగాలి. కలగలేదు. ఆ అమ్మాయి నాలుగు చివాట్లు పెట్టి, "నువ్వే చేశావయ్యా ఇదంతా" అనుంటే బాగుండేది. చేసిన తప్పు ఒకటుంటే దాన్ని దిద్దుకోవచ్చు. తప్పే లేదంటే ఇంక చేయడానికేముంది?

నీరు తీశాక ఆవిడ దుప్పటి కింద ఉందో లేదో తెలియనంత పల్చగా అయిపోయింది. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ చేతివేలికి ఉంగరం లేదు. ఎక్కడ పోయిందని అడిగాడు.

"పోలేదు. మా చెల్లెలికి ఇచ్చి దాయమన్నాను. వేలు వాచి బిగిసిపోతుంటే సబ్బు రాసి తీసేశాను, ఎప్పుడో."

"ఎప్పుడో అంటే?"

"మీరు రెండోసారో మూడోసారో తూచిన తర్వాత."

ఆయన ఆ వేలు పట్టుకుని చూశాడు. "అప్పుడే తెలుసా నీకు?"

"నా ఒళ్లు నాకు తెలీదా అండీ? వేలితో నొక్కితే గుంటపడేది."

"మరి చెప్పొచ్చు కదా. నోట్లో నాలుక లేని మనిషివా నువ్వు? లోకానికంతా చెప్తావు, నాకు చెప్పలేవా?"

"ఎలా చెప్పను?" అంది ఆవిడ. "మీరు అంత గట్టిగా పిలుస్తుంటే."

ఆయన స్టూలు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. గదిలో ఇంకో నలుగురు రోగులున్నారు, వాళ్ల ముందు ఏడవడం ఇష్టంలేదు. అయినా ఏడ్చాడు, ఆ వయసులో ఏడిస్తే భుజాలే ఎక్కువ కదులుతాయి. ఆవిడ చేయి చాపి చొక్కా అంచు పట్టుకుంది, అంతకంటే దూరం అందలేదు.

ఇంటికొచ్చారు. ఆసుపత్రిలో ప్రోటీన్ పొడి ఇచ్చారు, నీళ్లలో కలిపితే వాసన ఉండదన్నారు. ఆవిడ ఆయన కోసం మూడు చెంచాలు మింగి, నాలుగోదానికి తల అడ్డంగా ఊపేది. గుడ్డు తెల్లసొనను గిలక్కొట్టి పలచటి సూపులో కలిపి చూశాడు, కనిపెట్టేసింది. నీరు మళ్లీ చేరింది. మళ్లీ తీశారు. తీసిన ప్రతిసారీ మనిషి ఇంకాస్త తగ్గి బయటపడేది. కాటాయన కాటా దగ్గర పని చేస్తూనే ఉన్నాడు, బరువులు పిలుస్తూనే ఉన్నాడు, కానీ చివరి అంకెను సాగదీయడం మానేశాడు. గుమాస్తా రెండుసార్లు తలుపు తీసుకుని వచ్చి, వినబడలేదని అడగాల్సి వచ్చింది.

ఆవిడ నోటికి పోతున్నది ఇప్పటికీ ఆ గింజల చాక్లెట్టే. అయితే గింజలు నమలడానికి ఓపిక చాలడం లేదు. పైనున్న చాక్లెట్టు చప్పరించి, గింజలను నాలుక చివరికి తెచ్చేది. ఆయన అరచేయి పట్టేవాడు. మెత్తబడిన నాలుగైదు గింజలు అరచేతిలో పడేవి. పట్టికలో రాసిన అంకెల్లోంచి ఈ గింజలవి ఎంత తీసేయాలో ఆయనకు తెలియదు. కనుక్కునే పని కూడా పెట్టుకోలేదు.

మరోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు ఆవిడను చూసి, డైటు మేడమ్‌తో ఏదో చెప్పి, పక్కమంచానికి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి కాటాయనను వసారాలోకి రమ్మంది. ఆయన ముందే సిద్ధమై ఉన్నాడు. చాక్లెట్టు ఆపేయమంటుందని, ఆపేస్తే ఇంక ఆవిడ నోట్లోకి ఏదీ పోదని, కాళ్లావేళ్లా పడైనా రోజుకొక్కటి ఒప్పించాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఒక్కటే. రోజుకి ఒక్కటే పెడతాను. సగమైనా సరే..."

"ఒక్కటే ఎందుకు బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి. "ఆవిడకు ఎన్ని కావాలంటే అన్ని పెట్టండి. ఉప్పు కూడా వేయండి, చప్పిడి తినలేకపోతున్నారు కదా. ఏది అడిగితే అది పెట్టండి. ఇంక ఏదీ ఆపక్కర్లేదు."

ఇన్నాళ్లూ ఆ అమ్మాయి చెప్పిన ప్రతి మాటకూ "అలాగేనమ్మా" అన్న మనిషి, దీనికి అనలేకపోయాడు. వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఇంకా ఏదో చెబుతోంది, మందులు తగ్గిస్తారని, నొప్పి తెలియకుండా చూస్తారని. ఆయనకు పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. ఎంత బతిమాలినా దొరకవనుకున్న అనుమతులన్నీ ఇప్పుడు అడక్కుండానే ఒక్కసారిగా ఇచ్చేస్తున్నారు.

లోపలికొచ్చాడు. ఆవిడ కళ్లు తెరిచే ఉంది.

"ఏమన్నారు? చాక్లెట్టు వద్దన్నారా?"

"లేదు. తినమన్నారు." ఆవిడ తల కింద దిండు సరిచేశాడు. "ఎన్నైనా తినొచ్చన్నారు. ఉప్పు కూడా వేసుకోవచ్చట. ఏదడిగితే అది పెట్టమన్నారు."

ఆవిడ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అయితే ఇంక నన్ను తూచక్కర్లేదన్నమాట" అంది.

కాటాయన స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. చాక్లెట్టు రేపరు చింపి, చిన్న ముక్క విరిచి, ఆవిడ నోటికి అందించాడు.